కళ్ళజోళ్ళ కొట్టు నానార్థాలాయన

కళ్ళజోళ్ళ కొట్టాయనకు ఒకటే జబ్బు. ఎదుటివాళ్ళ నోట్లోంచి రెండర్థాల మాట ఒకటి జారిందంటే దాన్ని కింద పడనివ్వడు. మధ్యలోనే అందుకుని, ఇటు తిప్పి అటు తిప్పి, దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ విప్పి చెప్పేదాకా ఆ మనిషిని గుమ్మం దాటనివ్వడు. అందుకే ఆ వీధివాళ్ళు ఆయన అసలు పేరు ఎప్పుడో మరిచిపోయి నానార్థాలాయన అనడం మొదలుపెట్టారు.

"నానార్థాలాయన ఉన్నారా అండీ?" అని ఎవరైనా వస్తే ఆయన భార్య కూడా చిన్నబుచ్చుకునేది కాదు.

"ఉన్నారు, ఒక అర్థంలో" అనేది.

ఆయన సిద్ధాంతం చాలా చిన్నది, చెప్పడానికి పట్టే సమయమే పెద్దది. ఒకే మాటకు పొంతన లేని రెండర్థాలున్నాయంటే, అది ఒక మాట కాదు, ఒకే ఇంట్లో ఉంటున్న ఒకే పేరున్న ఇద్దరు మనుషులు. ఒకరు ఆ ఇంట్లో పుట్టిన ఆడపడుచు, ఇంకొకరు బయటినుంచి వచ్చిన కోడలు. "పేరు కలిసింది గదా అని చుట్టరికం కలిపేస్తే ఎలాగండీ?" అని ఆయన బాధ. ఆ బాధ ఇంకెవరికీ లేదు. అందువల్ల వీధి మొత్తం బాధా ఆయనొక్కడే పడేవాడు.

ఆయన కొట్టుకూ పక్కనున్న దర్జీ కొట్టుకూ మధ్య ఉన్నది చెక్క గోడ. ఆ గోడకు ఆనించి ఉన్నదే మిషనక్క మిషను. ఆవిడ కోట్లకు కాలర్లు, చొక్కాలకు కాజాలు కుడుతుంది. ఇంట్లో మాట్లాడే మనిషి పోయి మూడేళ్ళయింది. అప్పటినుంచి ఆవిడ చెవుల్లో పడే మాటల్లో ముప్పాతిక భాగం ఆ గోడ అవతలివే. కుట్టు నడుస్తూంటే సగం వినపడేవి, బాబిను మార్చేటప్పుడు పూర్తిగా వినపడేవి. బాబినులో ఇంకా దారం ఉండగానే మార్చిన రోజులు కూడా ఉన్నాయి.

ఒకసారి, కొత్త ఫ్రేము ఒకటి వంచుదామని ఆయన చిన్న స్టవ్వు వెలిగించాడు. చొక్కా చెయ్యి మంటకు తగిలింది. గోడ అవతలనుంచి ఆయన భార్య కేక వినపడింది.

"ఏవండీ! చొక్కా కాలుతోంది!"

"కాలు! ఆహా, ఎంత మాటన్నావే. నడిచే కాలు వేరు, మంటలో కాలడం వేరు. ఈ రెండింటికీ బాదరాయణ సంబంధం కూడా లేదు. ఇప్పుడు నువ్వు..."

"మోచెయ్యి దాకా వచ్చిందండీ!"

"రానీ, ముందు మాట పూర్తి చెయ్యనీ..."

ఆ తర్వాత దభాలున నీళ్ళ చప్పుడయింది. బిందెడు నీళ్ళూ ఒక్కసారే పోసినట్టుంది. ఆ పూట మిషనక్క కాజా ఒకటి వంకరపోయింది, నవ్వాపుకోలేక.

ఇంకోసారి కాలేజీ పిల్ల ఒకతి వచ్చి పిల్లికళ్ళ ఫ్రేము అడిగింది. అమ్మ వద్దంటోందనీ, తనకు సోకు ఎక్కువంటోందనీ చెప్పుకుంది. పాపం దానికేం తెలుసు?

"సోకు ఇద్దరున్నారమ్మా" అన్నాడాయన. "చలిగాలి సోకింది, జ్వరం సోకింది అంటామే, ఆ సోకు మనింటి పిల్ల. నీ ఫ్రేము సోకు మాత్రం ఎక్కడో దూరదేశంనుంచి వచ్చింది. వచ్చినప్పుడు దాని అర్థం ఇష్టం, ముచ్చట అని. కాబట్టి మీ అమ్మగారితో చెప్పు, నాకున్నది జబ్బు కాదు, ముచ్చట అని."

"మీరే చెప్పండి అంకుల్, అదిగో వస్తోంది" అని ఆ పిల్ల అటునుంచి అటే జారుకుంది. వచ్చిన తల్లి ముప్పావుగంట తర్వాత, ఫ్రేము కొనిచ్చేస్తానని ఒప్పుకుని బయటపడింది.

పోస్టాయన అయితే గుమ్మంలోకి అడుగే పెట్టేవాడు కాదు. వీధిలో నిలబడే కవరు లోపలికి విసిరి పారిపోయేవాడు. అంతటి మనిషికీ ఒకరోజు పౌరుషమొచ్చింది. దర్జాగా లోపలికి నడిచి బల్ల మీద చెయ్యి వేశాడు.

"నేనూ ఒకటి పట్టాను. ఉత్తరం! నేను ఇచ్చేది ఉత్తరం, ఆ దిక్కు ఉత్తరం. ఏమంటారు?"

నానార్థాలాయన అట్ట ఊడిపోయిన లావుపాటి నిఘంటువు ముందు వేసుకుని మూడు రోజులు కూర్చున్నాడు. నాలుగో రోజు తీర్పు చెప్పాడు.

"క్షమించండి పోస్టుగారూ. చెల్లదు. ఇద్దరూ ఒక తల్లి బిడ్డలే. సొంత అక్కచెల్లెళ్ళు."

"రెండర్థాలు లేవూ?"

"ఉన్నాయి. కానీ పుట్టుక ఒకటే. నా లెక్క పుట్టుకతో."

పోస్టాయన నెల రోజులపాటు ఆయన ఉత్తరాలు ఎదురుకొట్లో పడేసి పోయాడు.

గోడకు ఇవతల మిషనక్క ఇవన్నీ వింటూ, నవ్వుకుంటూ, లోపల్లోపల ఒక విషయానికి మాత్రం భయపడుతూ ఉండేది. ఆవిడకు చదువు రాదు.

రాదన్నది ఎవరికీ తెలియదు. పదకొండేళ్ళ కిందట పనిలో చేరడానికి వచ్చినప్పుడు దర్జీ మేస్త్రి "చదువుకున్నావా అమ్మా?" అని అడిగాడు. ఆవిడ తడుముకోకుండా "ఎనిమిది దాకా" అనేసింది. ఆ మాట నిలబెట్టుకోవడానికి ఆవిడ పడిన పాట్లు ఎనిమిది తరగతులూ చదివినా అన్ని ఉండవు. అంకెలు వచ్చు గనక కొలతలతో ఇబ్బంది లేదు. ఎవరైనా కాగితం చేతికిస్తే మాత్రం కళ్ళు చికిలించి, "మసకగా ఉంది, నువ్వే చదువమ్మా" అని బొత్తాలమ్మాయి వైపు తోసేసేది. బొత్తాలు కుట్టే ఆ పిల్లకు గొంతు ఎక్కువ, అనుమానాలు తక్కువ. గడగడా చదివేసేది.

అబద్ధం ఆడగా ఆడగా కళ్ళకు వినపడినట్టుంది. పదకొండో ఏట అవి నిజంగానే మసకబారాయి.

మొదట సూదిలో దారం ఎక్కలేదు. తర్వాత అంచు కుట్టు పక్కదారి పట్టింది. ఒకరోజు ఒకాయన కోటు చెయ్యిని తీసుకెళ్ళి జేబుకు కలిపి కుట్టేసింది. ఆయన తొడుక్కుని అద్దం ముందు నిలబడి, జేబులో పెట్టిన చెయ్యి ఎంతకీ బయటికి రాకపోతే మేస్త్రి వైపు చూశాడు. మేస్త్రి మిషనక్క వైపు చూశాడు.

"ఇదేంటమ్మా?"

"ఆయనకు చలి ఎక్కువేమోనని బాబాయ్" అంది ఆవిడ, నోటికొచ్చింది.

కోటాయన నవ్వాడు గానీ మేస్త్రి నవ్వలేదు. ఆయన వెళ్ళాక మెళ్ళో టేపు సర్దుకుంటూ మెల్లగా అన్నాడు.

"శనివారం దాకా చూస్తాను. పక్క కొట్టే గదా, వెళ్ళి కళ్ళజోడు పెట్టించుకో. లేదంటే మిషను బొత్తాలమ్మాయికి ఇస్తాను, నువ్వు మడతల బల్ల దగ్గర కూర్చుందువుగాని. తప్పుగా అనుకోకు."

ఆ రాత్రి ఆవిడకు కంటిమీద కునుకు లేదు. కళ్ళజోడుకు వెళ్తే గోడ మీది పరీక్ష బోర్డు చదవమంటారు. చదవలేదు. చదవలేదని బెంచీ మీద కూర్చున్నవాళ్ళకు తెలుస్తుంది, సాయంత్రానికి వీధికి తెలుస్తుంది. పోనీ ఎలాగో గట్టెక్కి జోడు తెచ్చుకున్నా, ఆ తర్వాత మసక అన్న మాట చెల్లదు. "జోడుంది గదా అక్కా, చదువు" అంటుంది బొత్తాలమ్మాయి. వెళ్ళకపోతే మిషను పోతుంది. మిషను పోవడమంటే ఆవిడకు చేతులు పోవడమే.

తెల్లారేసరికి ఆవిడకు ఒక ఉపాయం తోచింది. గోడ అవతల ఆయన రోజూ, తనే ఏరి బోర్డు మీద రాసుకున్న రెండర్థాల మాటలు వరసగానే చెప్తాడు. పై పెద్ద మాటనుంచి కింది చిన్న మాట దాకా ఎనిమిది. పదకొండేళ్ళుగా వింటున్నవే. నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. ఇంకేం? వెళ్ళి కూర్చుని చెప్పేస్తే సరి. అన్నీ సరిగ్గా చెప్పేసిన మనిషికి కళ్ళజోడు ఎవరిస్తారన్న సందేహం మాత్రం ఆవిడకు రాలేదు.

సోమవారం తలనొప్పి అంది. మంగళవారం కోటు అర్జంటు అంది. బుధ, గురువారాలు ఏవో అంది. శుక్రవారం మధ్యాహ్నం బొత్తాలమ్మాయి ఆవిడ చెయ్యి పట్టుకుని బరబరా లాక్కుపోయింది.

కొట్లో బెంచీ మీద నలుగురున్నారు. పోస్టాయన కూడా ఉన్నాడు, తన కళ్ళజోడు కాడ ఊడొచ్చింది గనక, వేరే దిక్కు లేక.

"రండి చెల్లెమ్మా! గోడ ఇరుగమ్మ ఇన్నాళ్ళకు దయచేశారు" అన్నాడు నానార్థాలాయన. "అలా కుర్చీలో కూర్చోండి. ఒక్క నిమిషం..."

ఆయన ఏదో తేవడానికి లోపలికి తిరిగాడు. మిషనక్కకు అదేమీ పట్టలేదు. కుర్చీలో నిటారుగా కూర్చుంది. ఎదురుగా గోడ మీద నల్లగా ఏదో మసగ్గా కనపడింది. అదే బోర్డు. గట్టిగా ఊపిరి పీల్చుకుని ఎక్కం అప్పజెప్పినట్టు అందుకుంది.

"కల, కాలు, పాలు, ఏరు, ఆరు, పట్టు, తాళం, సోకు!"

బెంచీ మీదివాళ్ళు ఆవిణ్ణీ గోడనీ మార్చి మార్చి చూశారు.

గోడ మీద బోర్డు లేదు. ఆ పొద్దున్నే ఆయన భార్య దాన్ని దింపి, కడిగి, వెనకగదిలో ఆరబెట్టింది. బోర్డు తగిలించే మేకుకు ఆయన గొడుగు వేలాడుతోంది. మిషనక్క ఒక గొడుగు మీంచి ఎనిమిది మాటలు, అందులో చివరిది చీమ తలకాయంతది, తప్పు లేకుండా చదివేసింది.

బొత్తాలమ్మాయి నోరు తెరిచింది. "అక్కా, అది గొ..."

"గొప్ప జ్ఞాపకం!" అని అరిచాడు నానార్థాలాయన, వెనకగది గుమ్మంలోంచి. బోర్డు చంకలో పెట్టుకుని రెండంగల్లో వచ్చి గొడుగుకూ బెంచీకీ మధ్య అడ్డంగా నిలబడ్డాడు. "చూశారా? ఇన్నేళ్ళుగా ఈ వీధికి చెప్పీ చెప్పీ నా గొంతు అరిగిపోయింది. ఒక్కరైనా ఎనిమిదీ వరసగా గుర్తు పెట్టుకున్నారా? మొన్న గోడమీంచి అడిగాను, ఒకసారి అప్పజెప్పండి చెల్లెమ్మా అని. ఇవాళ అప్పజెప్పారు! పోస్టుగారూ, మీరు చెప్పండి చూద్దాం. పాలు తర్వాత ఏమిటి?"

"నన్నెందుకయ్యా మధ్యలో..."

"రోజూ వచ్చే మనిషి, తెలియదూ?"

"నేను గుమ్మంలోంచే పారిపోతాను గదా!"

బెంచీ ఘొల్లుమంది. అందరి కళ్ళూ పోస్టాయన మీద పడ్డాయి. మొన్న ఆయన ఏదీ అడగలేదని ఎరిగిన మిషనక్కకు గొడుగు సంగతి అప్పటికి అర్థమైంది. చెవులు వేడెక్కిపోయాయి. లేచి వెళ్ళిపోదామనుకుంది గానీ, అప్పటికే ఆయన బోర్డు తగిలించి, బరువైన పరీక్ష ఫ్రేము ఆవిడ ముక్కు మీద కూర్చోబెట్టాడు.

"ఇది ఏరు" అన్నాడు పుల్లతో చూపిస్తూ. "నేనే చదివాను, మీరు చదవక్కర్లేదు. ఈ కొట్లో చదవడం నా పని. మీరు చెప్పాల్సింది, అంచు తేటగా తెగినట్టుందా, అలుక్కుపోయిందా?"

"అలు... అలుక్కుపోయింది" అంది ఆవిడ.

ఆయన అద్దం మార్చాడు. మారుస్తూనే బెంచీ వైపు తిరిగి మొదలుపెట్టాడు. "ఏరు! నీళ్ళు పారే ఏరు ఒకావిడ. బియ్యంలో రాళ్ళు ఏరు అంటామే, ఆ ఏరు ఇంకొకావిడ. వీధిలో ఎదురుపడినా పలకరించుకోరు."

"మీరు రాళ్ళు ఏరి ఎన్నాళ్ళయింది?" అంది ఆయన భార్య లోపలినుంచి.

"ఇప్పుడెలా ఉంది చెల్లెమ్మా?"

"కొంచెం తేరుకుంది. పెద్ద కుట్టు వేసినట్టుంది."

"ఇప్పుడు?"

"చిన్న కుట్టు. దగ్గర దగ్గరగా పడింది."

"ఈ తాళం చివర సున్నా చుట్టూ?"

"చక్కగా కాజా కుట్టినట్టుంది అన్నయ్యగారూ."

బెంచీ మీద పోస్టాయన ఆవులిస్తున్నాడు. ఇంకొకాయన గడియారం చూస్తున్నాడు. అందరూ నానార్థాలాయన్ని చూసి నవ్వుతున్నారు, విసుక్కుంటున్నారు, ఎప్పుడు ఆపుతాడా అని ఎదురుచూస్తున్నారు. కుర్చీలో ఉన్న మనిషి వైపు ఒక్కరూ చూడడం లేదు.

అప్పుడు మిషనక్కకు తట్టింది. ఇన్నేళ్ళుగా గోడ అవతలనుంచి ఎప్పుడూ ఆయన గొంతే ఎందుకు వినపడేదో. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళెవరూ ఏదీ చదవరు. చదువొచ్చిన కాలేజీ పిల్లా చదవదు, రానివాళ్ళూ చదవరు. మాట ఆయనే చదువుతాడు. ఆ వెంటనే ఆడపడుచనీ కోడలనీ గోల మొదలుపెడతాడు. ఆ గోలలో ఎవరికి అక్షరాలొచ్చో ఎవరికి రావో ఆరా తీసే తీరిక ఈ లోకంలో ఎవరికీ ఉండదు.

గుండెల మీద కూర్చున్న బండ ఒకటి దిగింది. ఇంకొకటి మిగిలింది. ఆవిడ గొంతు తగ్గించి అడిగింది.

"అన్నయ్యగారూ, ఈ జోడు పెట్టుకుంటే ఇంక... అన్నీ కనపడతాయా?"

ఆయన ఆవిడ మొహంలోకి ఒక్క క్షణం చూశాడు. తర్వాత కార్డు మీద ఏదో రాసుకుంటూ కొట్టంతా వినపడేలా అన్నాడు.

"బొత్తాలమ్మా, మీ మేస్త్రికి వివరంగా చెప్పు. ఈ జోడు సూదికీ, దారానికీ, కుట్టుకీ. అక్షరాలకు పనికిరాదు. దీంతో కాగితాలు చదివించారంటే కళ్ళు లాగేస్తాయి, నాకు సంబంధం లేదు. అక్షరాల జోడు వేరే ఉంటుంది. తెప్పించాలి."

"ఎప్పుడొస్తుందండీ?" అంది బొత్తాలమ్మాయి.

"వస్తుంది." ఆయన ఫ్రేము తీస్తూ మిషనక్కకు మాత్రమే వినపడేలా అన్నాడు. "తొందరేం లేదు చెల్లెమ్మా. మీకు ఎప్పుడు కావాలనిపిస్తే అప్పుడు చెప్పండి. మధ్యాహ్నం రెండింటికి కొట్లో ఎవరూ ఉండరు."

మిషనక్క కళ్ళు తుడుచుకుంది. పరీక్ష ఫ్రేము బరువు అలాంటిదని బెంచీ అనుకుంది.

శనివారం పొద్దున్నే జోడు వచ్చింది. సూదిలో దారం మొదటిసారికే ఎక్కింది. మేస్త్రి వచ్చేసరికి కాలరు పూర్తయింది. ఆయన దాన్ని వెలుతురులో పెట్టి, గోరుతో కుట్టు మీద గీసి చూశాడు.

"మిషను నీదే" అన్నాడు.

"ఇంతకీ ఏమన్నాడాయన?"

"సూదికేనట బాబాయ్!" అని బొత్తాలమ్మాయి అందుకుంది. "అక్షరాలకు పనికిరాదట. ఆ జోడు వేరే తెప్పించాలట."

మేస్త్రి కత్తెర సగం గుడ్డలో ఆగిపోయింది. ఆయన బొత్తాలమ్మాయిని టీ తెమ్మని పంపాడు. ఆ పిల్ల మలుపు తిరిగిందాకా చూసి మిషనక్క దగ్గరికి వచ్చాడు.

"అక్షరాల జోడు తెప్పిస్తానన్నాడా?"

"అవును బాబాయ్."

"నాకూ అదే చెప్పాడమ్మా" అన్నాడు మేస్త్రి. "తొమ్మిదేళ్ళయింది. ఇంకా రాలేదు."

మిషనక్క ఆయన వైపు చూసింది. కొలతల పుస్తకంలో పేరు మీరే రాసుకోండని వచ్చినవాళ్ళందరికీ ఆయన కలం ఎందుకిస్తాడో, అది మర్యాద అని తను ఎన్నేళ్ళు అనుకుందో గుర్తొచ్చింది. ముందు ఆవిడకు నవ్వొచ్చింది. తర్వాత ఆయనకు వచ్చింది. పదకొండేళ్ళుగా ఒకరికి తెలియకుండా ఒకరు దాక్కున్న ఇద్దరు మనుషులు, మెళ్ళో టేపు జారి కింద పడేదాకా నవ్వారు.

నవ్వు ఆగేసరికి గుమ్మంలో ఎవరో వచ్చి ఒక గుడ్డ పొట్లం పెట్టి, "ఎలా కుట్టాలో అమ్మగారు చీటీలో రాశారండీ" అని వెళ్ళిపోయారు.

మేస్త్రి చీటీ తీసి అటూ ఇటూ తిప్పి మిషనక్కకు ఇచ్చాడు. మిషనక్క కొత్త జోడులోంచి దాన్ని చూసింది. ప్రతి అక్షరం అంచూ తెగినట్టు, తేటగా, అందంగా కనపడింది. తిరిగి మేస్త్రికి ఇచ్చింది.

"బొత్తాలమ్మాయి వచ్చేదాకా ఆగుదామా?" అన్నాడాయన.

"ఎందుకు బాబాయ్" అని ఆవిడ చెక్క గోడ మీద వేలితో టకటకా కొట్టింది. "అన్నయ్యగారూ! ఒకసారి ఇలా వస్తారా? చీటీలో ఒక మాట ఉంది. దాని అర్థం కావాలి."

అర్థం కావాలని ఆ వీధిలో ఎవరూ ఆయన్ని ఎన్నడూ అడిగి ఎరగరు. ఒక చేతిలో అద్దం, ఇంకో చేతిలో తుడిచే గుడ్డతో ఆయన పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఏ మాట అని కూడా అడగలేదు. చీటీ తీసుకుని మొదటినుంచి చివరిదాకా పెద్దగా చదివాడు.

"గౌనుకు చేతులు పొట్టిగా. మెడ గుండ్రంగా. నడుం దగ్గర కుచ్చులు, వెనకవైపు పట్టీ." చదివి, తలెత్తి, కళ్ళు మెరుస్తుంటే అన్నాడు. "పట్టీ! ఇదేనా మీరు అడిగింది? అమ్మో, దీని సంసారం చాలా పెద్దది. మీకు పని ఉందేమో..."

మేస్త్రి కత్తెర పక్కన పెట్టాడు. మిషనక్క స్టూలు తెచ్చి ఆయన వెనక వేసింది.

"కూర్చుని చెప్పండి అన్నయ్యగారూ" అంది.